పాతది పారెయ్యనోళ్ల చరిత్ర

ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు లైనక్స్ పత్రికల వెంట వచ్చిన సీడీల రూపంలో చేరింది. పీసీక్వెస్ట్ పత్రిక 1996 నుంచి పాఠకులకు లైనక్స్ సీడీలు ఇచ్చింది. 2003లో మొదలైన లైనక్స్ ఫర్ యు కూడా అదే పద్ధతి పట్టింది. 2005 నుంచి ఉబుంటు వాళ్లు షిప్‌ఇట్ అనే పథకం పెట్టి, అడిగినవాళ్లకల్లా పైసా తీసుకోకుండా పోస్టులో సీడీలు పంపారు. 2011 దాకా అది నడిచింది. సిరిసిల్లలో మా గల్లీకి విదేశీ స్టాంపుల కవరు వస్తే పోస్టుమ్యాన్ మా నాయినను "దుబాయ్‌ల ఎవరున్నరే మీకు?" అని అడిగేవాడు. సాంచెలు (మరమగ్గాలు) నడుపుకునే ఇంటికి ఇంకెక్కడి నుంచి వస్తది కవరు!

ఆ రోజుల్లో అప్‌డేట్ అనేది మా దిక్కు ఒక పుకారు మాత్రమే. డయలప్ మోడెం కీచుమని అరిచి కలిస్తే ఒక ఈమెయిల్ చదువుకోవడమే గగనం, వందల మెగాబైట్ల సాఫ్ట్‌వేర్ ఎవరు దింపుతారు? అందుకే అప్‌డేట్ వల్ల ఏదీ పాడయ్యేది కాదు. వేరే కారణానికి పాడైతే అదే సీడీ మళ్లీ పెట్టి మొదటి నుంచి ఎక్కించేవాళ్లం. హోమ్ అనే భాగాన్ని డిస్కులో వేరుగా ఉంచుకున్నవాడికి ఫైళ్లు మిగిలేవి, ఉంచుకోనివాడికి బుద్ధి వచ్చేది. సీడీ మీద అక్షరం మారదు. దాన్ని పెట్టిన ప్రతిసారీ అదే పాత తేదీకి పోతాం. ఇప్పుడు రోల్‌బ్యాక్ అని పెద్ద పేరు పెట్టి చెప్పుకునే పనిని అప్పుడు ఆ సీడీ చేసేది, ఆ సంగతి మాకే తెలియదు.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. మెల్లగా అది మా చిన్న పట్నాలకూ పాకింది. అదే ఏడు హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఉద్యమం పుట్టి, తెలుగు ముఖంతో లైనక్స్ తేవాలని కాలేజీల చుట్టూ తిరిగింది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007లో వచ్చింది. కంప్యూటర్లు పెరిగాయి, తీగ వచ్చింది, తీగ వెంట అప్‌డేట్లు వచ్చాయి. మా దిక్కు లైనక్స్ విరగడం, విరిగినదాన్ని వెనక్కి తిప్పడం అనే విద్యకు చరిత్ర ఇక్కడ మొదలైంది. లోకంలో మాత్రం అది ఇంకా పాతది.

లైనక్స్‌కు గుండెలాంటి ముక్క కెర్నెల్. దాన్ని రాసేవాళ్లు వెనక్కి తిప్పే పని ముందే కనిపెట్టారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదటి కెర్నెల్ వదిలాక చాలా ఏళ్లు, లైనక్స్ వాడేవాళ్లలో చాలామంది తమ కెర్నెల్‌ను తామే కంపైల్ చేసుకునేవాళ్లు. కొత్త కెర్నెల్ లేవకపోతే మిషన్ మొత్తం పోయినట్టే. స్క్రీన్ మీద ఏవో అక్షరాలు మెరిసి ఆగిపోతుంది, ఇంక ఏ కమాండూ కొట్టే వీలుండదు. అందుకని కెర్నెల్‌ను స్థాపించే చిన్న స్క్రిప్టులోనే ఒక వరుస పెట్టారు. ఉన్న కెర్నెల్ ఫైలు పేరు చివర డాట్ ఓల్డ్ అని చేర్చి పక్కకు జరుపు, ఆ తర్వాతే కొత్తది పెట్టు. వెర్నర్ ఆల్మెస్‌బర్గర్ రాసిన లిలో అనే బూట్ లోడర్ ఉండేది. దాని మెనూలో డెబియన్ వాళ్లు లైనక్స్ అని ఒక వరుస, లైనక్స్ ఓల్డ్ అని ఇంకో వరుస పెట్టేవాళ్లు. కొత్తది సచ్చిందా, రీస్టార్ట్ చేసి రెండో వరుస ఎంచుకో. అంతే.

ఈ చిన్న పనికి ఎవరూ పేటెంటు తీసుకోలేదు, పరిశోధన పత్రం రాయలేదు. భయం వల్ల పుట్టిన అలవాటు అది. నా లెక్కలో లైనక్స్ వెనకడుగుల చరిత్ర అంతా ఈ డాట్ ఓల్డ్ అనే ముక్కను ఒక్కో చోటికి విస్తరించుకుంటూ పోవడమే. ఇవాళ ఉబుంటులో, డెబియన్‌లో కెర్నెల్ ప్యాకేజీ పేరులోనే వెర్షన్ నంబరు ఉంటుంది కాబట్టి కొత్తది పాతదాని మీద పడకుండా పక్కన కూర్చుంటుంది. గ్రబ్ అనే ఇప్పటి బూట్ లోడర్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే ముందటి కెర్నెల్ అక్కడే కనబడుతుంది. అప్‌డేట్ తర్వాత వైఫై పోయిందనో, స్క్రీన్ నల్లబడిందనో నా దగ్గరికి ల్యాప్‌టాప్ తెచ్చే పిల్లలకు నేను మొదట చూపించేది ఆ వరుసే. సగం మంది అక్కడి నుంచే నవ్వుకుంటూ వెళ్లిపోతారు.

మిగతా ప్రోగ్రాములకు ఈ అదృష్టం లేకపోయింది. మొదట్లో సోర్సు దింపి, కంపైల్ చేసి, మేక్ ఇన్‌స్టాల్ కొడితే కొత్త ఫైళ్లు పాత ఫైళ్ల మీద పడేవి. ఏది ఎక్కడ పడిందో రాసిపెట్టే నాథుడు లేడు. 1993లో స్లాక్‌వేర్, అదే ఏడు ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్, 1995లో రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌పీఎం ఆ గందరగోళానికి ప్యాకేజీ అనే మూట కట్టాయి. మూటలో ఏ ఫైళ్లున్నాయి, ఏ వెర్షన్, డెబియన్, ఆర్‌పీఎం మూటలైతే ఇంకే మూట మీద ఆధారపడ్డాయి అన్నీ ఒక ఖాతా పుస్తకంలో ఉంటాయి. గొప్ప ముందడుగే. అయితే ఆ ఖాతా పుస్తకం ఒకే దిక్కు చూసేది. అప్‌గ్రేడ్ చేస్తే పాత మూటలోని ఫైళ్లు తీసేసి కొత్తవి పరిచేది. మూటలో వచ్చే స్క్రిప్టులు పాత సెట్టింగులను కొత్త పద్ధతికి మార్చేవి. కొత్త పద్ధతిని పాతదానికి మార్చే స్క్రిప్టు ఎవరూ రాయరు. పాత వెర్షన్‌కు దిగడాన్ని తాము పరీక్షించం, దానికి పూచీ లేదు అని డెబియన్ వాళ్లు ఈ రోజుకీ అంటారు. చాలాసార్లు పని చేస్తుంది, చేయకపోతే మీ ఖర్మ.

ఆర్‌పీఎం వాళ్లు ఒకసారి దీన్ని సరిచేయాలని చూశారు. అప్‌గ్రేడ్ చేసే ముందు, మిషన్‌లో ఉన్న పాత ఫైళ్లను తిరిగి మూట కట్టి దాచే సదుపాయం పెట్టారు. ఫలానా తేదీకి వెనక్కి పో అంటే ఆ మూటలు విప్పి పరిచేది. కాగితం మీద బాగుంది. ఆచరణలో డిస్కు నిండేది, అప్‌గ్రేడ్ నత్తనడక నడిచేది, వెనక్కి పోయినా స్క్రిప్టులు చేసిన పనులు తిరగబడేవి కావు. 2009లో వచ్చిన 4.6 వెర్షన్‌లో దాన్ని తీసిపారేశారు. తర్వాత ఆర్‌పీఎం మూటలు తెచ్చిపెట్టే యమ్‌లో హిస్టరీ అన్‌డూ అనే తేలిక పద్ధతి వచ్చింది. ఏ రోజు ఏ మూటలు మారాయో రాసుకుని, అవే పాత మూటలు రిపోజిటరీలో ఇంకా ఉంటే తెచ్చి పరుస్తుంది. ఉంటే అన్న మాట గుర్తు పెట్టుకోండి.

ఆ ఉంటే అన్న మాట విలువ నాకు కోరుట్లలో తెలిసింది.

కోరుట్లలో నేను ఒక నెట్ సెంటర్ నడిపిన కాలం అది. ఆ పట్నంలో ప్రతి మూడో ఇంటికీ గల్ఫ్‌తో లెక్క ఉంటుందని అంటే కోరుట్లోళ్లెవరూ తప్పు పట్టరు. ఆడవాళ్లు బీడీలు చుట్టి, బేసిని మీద చాట కప్పి, సాయంత్రం సెంటర్‌కు వచ్చేవాళ్లు. మస్కట్‌లోనో, సౌదీలోనో ఉన్న కొడుకుతో, పెనిమిటితో మాట్లాడాలి. ఫోను నిమిషానికింత అని పైసలు కాల్చేసేది, నెట్ సెంటర్‌లో అప్పుడు గంటకు పదిరూపాయలే. పెన్‌డ్రైవుల వైరస్ లొల్లి పడలేక, లైసెన్సు ఖర్చు పెట్టలేక నేను మిషన్లన్నీ లైనక్స్‌కు మార్చిన. స్కైప్‌కు లైనక్స్ రూపం ఉండేది కాబట్టి నడిచింది.

అప్పుడే లైనక్స్ లోకంలో శబ్దం చూసుకునే పొర మారుతున్నది. పల్స్‌ఆడియో అనే కొత్త పొరను ఫెడోరా 2007 నవంబర్‌లో, ఉబుంటు 2008 ఏప్రిల్‌లో మామూలు పద్ధతిగా పెట్టాయి. దాని ఆలోచన మంచిదే, తర్వాత ఏళ్లపాటు అందరికీ పనికొచ్చింది. వచ్చిన కొత్తలో మాత్రం పాటలు తెగడం, మైకు మూగబోవడం లోకమంతా ఉన్న గోస. నా మిషన్లు రాత్రి పూట తమంతట తామే అప్‌డేట్లు దింపుకునేవి. ఒక పొద్దున చూస్తే మైకులు లేవు.

ఆ సాయంత్రం ఒక అవ్వ వచ్చి కూర్చుంది. తెర మీద కొడుకు ముఖం వచ్చింది, పెదాలు కదులుతున్నయి.

"బిడ్డా, వాడు ఏమో అంటున్నడు, నా మాట వానికి వినవడ్తలేదట. నేనేమన్న తప్పు వత్తిన్నా?"

"నీ తప్పు కాదవ్వా. రాత్రి మిషన్ కొత్త సామాను తెచ్చుకుంది, అది పడ్తలేదు. జరసేపు కూసో, పాతది పెడ్త."

అవ్వ నమ్మినట్టు కనబడలేదు. కొత్తది తెచ్చుకున్నాక పాడవడమేంది, పాతది పెడితే బాగవడమేంది అని ఆమె పక్కనున్నామెతో అనడం నాకు వినబడింది. న్యాయమైన ప్రశ్నే. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఇప్పటికీ దానికి సూటిగా జవాబు చెప్పలేదు.

పాతది ఎక్కడుంది? వార్ డైరెక్టరీలో క్యాష్ ఉంటుంది, దాని లోపల ఆప్ట్, దాని లోపల ఆర్కైవ్స్. మూటలు తెచ్చిపెట్టే ఆప్ట్ అనే పనిముట్టు అప్పట్లో దింపిన ప్రతి మూటనూ అక్కడ దాచేది, మనం క్లీన్ అని కొట్టేదాకా. డిస్కు చిన్నదైనా ఆ డైరెక్టరీ జోలికి నేను పోయేవాణ్ని కాదు. దానికి ఆపరేటింగ్ సిస్టమ్ జ్ఞానం కారణం కాదు. మా ఇంట్లో ఖాళీ కండెలు కూడా పారేయరు. మూటలు విప్పి ఎక్కించే డీపీకేజీ రాసుకునే లాగ్ తెరిస్తే రాత్రి ఏ మూట ఏ నంబరు నుంచి ఏ నంబరుకు మారిందో గంట నిమిషాలతో సహా ఉంది. శబ్దానికి సంబంధించిన మూటల పాత నంబర్లు ఆర్కైవ్స్‌లో కనబడ్డాయి. వాటిని డీపీకేజీతో నేరుగా ఎక్కించిన. హెచ్చరిక వచ్చింది, కొత్తదాని మీద పాతది పెడుతున్నావు సుమా అని. పెట్టమన్న. ఆ పని అక్కడ ఆపితే మళ్లీ రాత్రి అప్‌డేట్ వచ్చి పొద్దునకల్లా కొత్తది తెచ్చి పెడుతుంది. అందుకని ఆ మూటలకు హోల్డ్ పెట్టాలి. ఇప్పుడైతే ఆప్ట్-మార్క్ హోల్డ్ అని ఒక్క వరుస కొడితే చాలు. అప్పట్లో మూట పేరు, పక్కన హోల్డ్ అని రాసి డీపీకేజీ సెలెక్షన్స్‌లోకి పంపాల్సి వచ్చేది.

అవ్వ కొడుకుతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకెందుకు.

చెప్పొచ్చేదేమంటే, వెనక్కి పోవడం అనేదానిలో కాలాన్ని తిప్పే మంత్రమేదీ లేదు. ఎవరో ఒకరు పాత మూటను పారేయకుండా ఉంచారు, అంతే. చాలా రిపోజిటరీలు పాతవి ఉంచవు, కొత్తది రాగానే పాతది తీసేస్తాయి. డెబియన్ వాళ్లు స్నాప్‌షాట్ అనే భండారం నడుపుతున్నారు, అందులో తేదీ చెప్పి ఆ నాటి మూటలన్నీ తెచ్చుకోవచ్చు. అది లేని పంపిణీలు వాడేవాళ్లకు తమ మిషన్‌లోని క్యాషే దిక్కు. డిస్కు ఖాళీ చేయాలని యూట్యూబ్ వీడియోలు చూసి ఆర్కైవ్స్ తుడిచేసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

డెబియన్ వాళ్లకే వెనక్కి పోవాల్సి వస్తే ఏం చేస్తారు? ఇక్కడ ఒక తమాషా ఉంది. ఖాతా పుస్తకం పెద్ద నంబరునే కొత్తదిగా చూస్తుంది. 5.6.1 వాడుతున్న మిషన్లకు 5.4.5 పంపితే అవి ముట్టవు. అందుకని పాత సరుకునే పెద్ద నంబరు చీటీ అంటించి పంపుతారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఇంజినీరు ఒక సంగతి బయటపెట్టాడు. తన డెబియన్ మిషన్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం ఎందుకవుతున్నదని తవ్వుతూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి కనబడింది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా నమ్మకంగా పని చేసి, నిర్వాహకుడి చేతిలోంచి తాళం చెవి అందుకుని, ఆ దారి పెట్టారు. ఆ మనిషి ఎవరో ఈ రోజుకీ తేలలేదు. డెబియన్ వాళ్లు వెంటనే వెనక్కి తిప్పారు. ఆ మూట నంబరు ఏమిటంటే 5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5. పైకి 5.6.1, నిజానికి 5.4.5 అని మూట మీదే ఒప్పుకున్నారన్నమాట. నిజాయితీగా చెప్పిన అబద్ధం ఇంతకన్నా ఎక్కడా చూడలేదు నేను.

అక్కడితో వాదన తెగలేదు. 5.4.5లోనూ ఆ మనిషి చేయి ఉంది కదా, ఆ చేయి పడకముందు రూపానికే పోవాలని డెబియన్ పాతకాపు జోయ్ హెస్ అడిగాడు. అంత వెనక్కి పోతే ఆ తర్వాత వచ్చిన లైబ్రరీ పనుల మీద ఆధారపడ్డ మూటలు విరుగుతాయి. ఎంత వెనక్కి అనేది సాంకేతిక ప్రశ్నలా కనబడుతుంది గానీ అది నమ్మకం ప్రశ్న.

ఇక సిరిసిల్ల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ విద్యలో అసలు ఇరకాటం నాకు మా నాయిన సాంచె దగ్గరే అర్థమైంది. తెల్లబట్ట నేసేటప్పుడు తప్పు పేక పడితే పెద్ద కష్టం లేదు. సాంచె ఆపి, చెడిన పోగులు తీసేసి మళ్లీ నడుపుతారు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక అంచు డిజైన్లకు డాబీ, జకార్డు పెట్టెల వాడకం పెరిగింది. డిజైను నేస్తున్నప్పుడు పది పోగులు వెనక్కి తీస్తే, పైన డిజైను పెట్టెనూ సరిగ్గా పది అడుగులు వెనక్కి తిప్పాలి. బట్ట వెనక్కి వచ్చి పెట్టె ముందే ఉంటే, అక్కడి నుంచి నేసిన పువ్వంతా వంకరే. దూరం నుంచి చూస్తే బట్ట బాగానే ఉంటది, సేటు పట్టుకుని చూసినప్పుడు తెలుస్తది.

సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాము బట్ట అనుకుంటే, అది రాసిన డేటా ఆ పెట్టె. ప్రోగ్రామును పాత వెర్షన్‌కు దింపడం తేలిక. ఆ మధ్యలో కొత్త వెర్షన్ తన డేటాబేసును కొత్త పద్ధతికి మార్చుకుని ఉంటే, పాతది దాన్ని చదవలేదు, లేదా తప్పుగా చదువుతుంది. ఫైర్‌ఫాక్స్ వాళ్లు 2019 మేలో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక అడ్డు పెట్టారు. కొత్త వెర్షన్ ముట్టుకున్న ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవబోతే, నేను తెరవను, కొత్త ప్రొఫైల్ పెట్టుకో అంటుంది. వాడేవాళ్లు తిట్టారు గానీ అది న్యాయమే. వంకర పువ్వు నేసేకన్నా సాంచె ఆపడం మేలు. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారిస్తే పాత డేటా డైరెక్టరీని నేరుగా తెరవదు, మార్చిన తర్వాత వెనక్కి రావాలంటే ముందు తీసిన డంపో, పాత డేటా డైరెక్టరీ నకలో ఉండాలి. అందుకే సర్వర్లు చూసేవాళ్లు అప్‌గ్రేడ్‌కు ముందు డంపు తీస్తారు, తీసిన డంపు మళ్లీ ఎక్కుతుందో లేదో వేరే మిషన్‌లో చూసుకుంటారు. చూసుకోని డంపు ఉన్నా లేనట్టే.

ఇలా జోడీ తప్పిన ముచ్చటే 2023 డిసెంబర్‌లో డెబియన్‌కు పెద్ద తలనొప్పి తెచ్చింది. కొత్త కెర్నెల్‌లోని ఒక ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ సవరణను పాత 6.1 వరుసలోకి తెచ్చి కలిపారు. ఆ సవరణ సరిగా నడవడానికి ఇంకో చోట ఉండాల్సిన జోడీ సవరణ మాత్రం 6.1లోకి రాలేదు. 6.1.64 కెర్నెల్‌లో డైరెక్ట్ రాతలు చేసే ప్రోగ్రాముల డేటా చెడిపోయే ప్రమాదం వచ్చింది. డిసెంబర్ 9న డెబియన్ 12.3 విడుదల పనిలో ఉండగా ఈ సంగతి తెలిసి సీడీ ఇమేజీలు ఆపేశారు. మరునాడు, 10న, 6.1.66 కెర్నెల్‌తో 12.4 వదిలారు. ఆ ఒక్క రోజులో అప్‌డేట్ చేసినవాళ్లు పాత కెర్నెల్‌కు గ్రబ్ మెనూ నుంచి తేలిగ్గా పోయారు. చెడిన ఫైలు ఉంటే మాత్రం అది ఏ మెనూలోనూ బాగు కాదు, బ్యాకప్ నుంచి తెచ్చుకోవాల్సిందే. కెర్నెల్‌కు డాట్ ఓల్డ్ ఉంది, మన ఫైలుకు మనం పెట్టుకుంటేనే ఉంటుంది.

తర్వాతి చరిత్ర వేగంగా చెబుతాను, ఎందుకంటే అదంతా డాట్ ఓల్డ్ విస్తరణే. 2003లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఈల్కో డోల్‌స్ట్రా నిక్స్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. అందులో ప్రతి మూట ప్రతి వెర్షనూ వేరే డైరెక్టరీలో ఉంటుంది, ఏదీ దేని మీదా పడదు. నిక్స్‌ఓఎస్ బూట్ మెనూలో గత తరాలన్నీ వరుసగా ఉంటాయి, ఏ తరానికైనా పోవచ్చు. 2011 నవంబర్‌లో వచ్చిన ఓపెన్‌సూసే 12.1తో స్నాపర్ వచ్చింది. బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ సాయంతో అప్‌డేట్‌కు ముందు, తర్వాత మొత్తం వ్యవస్థ చిత్రం తీసి పెడుతుంది. మారిన ముక్కలకే చోటు పడుతుంది కాబట్టి డిస్కు అంత తొందరగా నిండదు. లైనక్స్ మింట్ వాడేవాళ్లకు అలాంటి పనే చేసే టైమ్‌షిఫ్ట్ తెలుసు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనూ లైనక్స్ కెర్నెలే. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా ఫోన్లలో వ్యవస్థకు ఏ, బీ అని రెండు గదులుంటాయి. మీరు ఏ గదిలో ఉండగా కొత్తది బీ గదిలో పడుతుంది. రీస్టార్ట్‌లో బీ లేవకపోతే ఫోను చప్పుడు చేయకుండా ఏ గదికి వస్తుంది. అలా వెనక్కి వచ్చిన సంగతి మీకు తెలియకపోవచ్చు కూడా.

వెనక్కి దారి లేకపోతే ఏమవుతుందో మన అక్షరమే లోకానికి చూపించింది. 2018 ఫిబ్రవరిలో, జ కింద ఞ వత్తు, ఒక కనిపించని విడదీత గుర్తు, దీర్ఘం కలిసిన ఒక తెలుగు అక్షరాన్ని మెసేజిలో పంపితే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఆ యాప్ కూలిపోయేది. తెలుగు రాని లోకమంతా ఆ అక్షరాన్ని ఆకతాయి పనులకు వాడుకుంది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 వదిలితేగానీ ఆగలేదు. ఆ ఫోన్లలో వాడకందారు తనంతట పాత వెర్షన్‌కు దిగలేడు. కంపెనీ పాతదానికి సంతకం చేయడం ఆపేస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. వాళ్ల వాదనా పూర్తి తప్పు కాదు. పాత వెర్షన్‌లో తెలిసిన రంధ్రాలుంటాయి, వెనక్కి పోవడమంటే దొంగకు తెలిసిన కిటికీ మళ్లీ తెరవడమే. లైనక్స్‌లో ఆ కిటికీ తెరవాలా వద్దా అనేది మనం తేల్చుకుంటాం. తెరిచినందుకు కాపలా కూడా మనమే కాయాలి.

కాపలా మరిచితే ఏమవుతుంది? జగిత్యాల టవర్ చుట్టుపక్కల గల్లీల్లో డీటీపీ షాపులు చూడండి. పెండ్లి కార్డులు, కరపత్రాలు, కులసంఘం కేలండర్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి పెద్ద వెర్షన్ రాలేదు. దాని మీద అను ఫాంట్లు, కింద పాత విండోస్. కొత్త విండోస్ పెడితే ఏదో ఒకటి పడదు, కాబట్టి పాతదానికి పోయారు, పోయి అక్కడే ఉండిపోయారు. ఆపరేటర్ల చేతివేగం అద్భుతం, వాళ్లను తప్పు పట్టను. 1991లోనే యూనికోడ్ తెలుగుకు చోటు ఇచ్చింది. అయినా మా జిల్లాలో అచ్చయిన ఎన్నో పుస్తకాల మూలప్రతులు ఇవాళ వెతికితే దొరకని, ఫోన్‌లో తెరుచుకోని అను రాతలో ఇరుక్కుని ఉన్నాయి. ఒక హోల్డ్ ఇరవై ఏళ్లు ఉంటే దాన్ని రోల్‌బ్యాక్ అనరాదు. దానికి వనవాసం అనే పేరు సరిపోతుంది, అదీ పద్నాలుగేళ్లు దాటింది.

లైనక్స్‌లో తెలుగు ఆ గతికి పోకుండా ఆగడానికి కారణం ముందుకు వచ్చిన మనుషులు. దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఇచ్చారు. రెడ్‌హ్యాట్ లోహిత్ తెలుగు వదిలింది. హార్ఫ్‌బజ్ అనే అక్షర కూర్పు ఇంజను 2010ల్లో తెరమీద అక్షరాలు పరిచే పాంగోలోకి, లిబ్రేఆఫీసులోకి వచ్చింది. అలాంటి ప్రతి మార్పులోనూ ఒత్తులు జారే ప్రమాదం ఉంటుంది. అది కనబడాలంటే తెలుగు చదవగలిగిన కన్ను కావాలి. ఇంజను రాసేవాళ్లకు క్ష, జ్ఞ సరిగా కూడాయో లేదో వాళ్ల కంటికి తెలియదు.

నేనిప్పుడు కొండగట్టు కింద షాపు పెట్టుకున్న. జిరాక్సు, ఫోటోలు, టికెట్లు, దరఖాస్తులు. నాచుపల్లి కాలేజీ పిల్లలు రికార్డులు ప్రింటు తీసుకోవడానికి వస్తారు. మంగళవారం, శనివారం అంజన్న భక్తుల రద్దీ, చైత్ర పౌర్ణమి చిన్న జయంతికి దీక్షాపరులతో రోడ్డంతా కాషాయమే. జయంతికి ముందు వారం నా మిషన్లలో ఏ అప్‌డేటూ ఉండదు, అన్నిటికీ హోల్డ్. జయంతి అయిన మరునాడు పొద్దున హోల్డు తీసి, టైమ్‌షిఫ్ట్ చిత్రం తీసి, ఒక్క మిషన్‌లో అప్‌డేట్ చేసి, ప్రింటర్ పలికితేనే మిగతావాటికి పోతాను. ఏ హోల్డు ఎందుకు పెట్టానో తేదీతో సహా గోడ మీద రాసి ఉంటుంది. గోడ మీద రాయని హోల్డు మనిషి మరిచిపోతాడు.

పిల్లలకు నేను చెప్పేది ఇంకొకటి ఉంది, ఇది చదివే లైనక్స్ వాడకందార్లకు కూడా అదే అడుగుతున్నాను. కెర్నెల్ వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. నిన్నటిదాకా నడిచిన వాడకందారు ప్రోగ్రాము ఇవాళ ఆగితే అది కెర్నెల్ తప్పే, ఆ మార్పు వెనక్కి తీయాల్సిందే. ఈ విషయంలో టోర్వాల్డ్స్ ఎవరి మొహమాటమూ చూడడు. థోర్‌స్టెన్ లీమ్‌హ్యూస్ అనే ఆయన అలా విరిగినవాటికి లెక్క రాసే పనే పెట్టుకున్నాడు. ఆ కట్టుబాటు అమలు కావాలంటే విరిగిందని ఎవరో చెప్పాలి. మనం ఏం చేస్తున్నాం? పాత వెర్షన్‌కు దిగుతాం, హోల్డ్ పెడతాం, పని నడిచింది కదా అని ఊరుకుంటాం. వెయ్యి మంది అలా ఊరుకుంటే కొత్త వెర్షన్‌లో తప్పు తప్పుగానే ఉంటుంది, వెయ్యి హోల్డులు వనవాసాలవుతాయి.

కాబట్టి ఈసారి అప్‌డేట్ తర్వాత మీ తెరమీద తెలుగు ఒత్తు జారినా, ప్రింటర్ మూగబోయినా, పాత వెర్షన్‌కు దిగిపోండి, తప్పు లేదు. దిగిన రోజే లాగ్‌లోంచి రెండు నంబర్లు రాసుకోండి, నడిచిన వెర్షన్ ఏది, విరిగిన వెర్షన్ ఏది. తెర ఫోటో ఒకటి తీయండి. ఆ మూడూ జోడించి ఆ ప్రాజెక్టు బగ్ ఖాతాలో నాలుగు వాక్యాలు రాయండి. ఇంగ్లీషు సరిగా రాకపోయినా ఫరవాలేదు, నంబర్లు సరిగా ఉంటే చాలు.

అక్కర్లేని మూటలను ఊడ్చేసే ఆటోరిమూవ్ కొట్టే ముందు మాత్రం చూసుకోండి, ఒక పాత కెర్నెల్ మిగిలి ఉండాలి.